అర దగ్గర కాపలా

నేవీలో చేరిన మొదటి రోజే నా ట్రైనింగు సగం అయిపోయింది. అక్కడ పై అధికారి ఏం చెప్పినా "ఆయ్ ఆయ్ సర్" అనాలట. పంజాబువాడికీ బీహారువాడికీ అది నోటికి పట్టడానికి వారం పట్టింది. కోనసీమవాడికి ఎవరు నేర్పాలి? మేము పుడుతూనే మంత్రసానికి "ఆయ్" అని చెప్పి బయటికొచ్చినవాళ్ళం.

నేవీ అన్న పేరేగానీ అక్కడ నావి అనదగ్గవి ఒక బంకు, ఒక లాకరు. మిగతావన్నీ సర్కారువారివి, నా నిద్రతో సహా. హోదా చీఫ్ పెట్టీ ఆఫీసరు. ఆ ప్రమోషను వచ్చిన కొత్తలో మా పల్లిపాలెంలో ఈ మాట చెబితే, మా మావగారి బోటు నడిపే సరంగు తాతబ్బాయి చాలాసేపు ఆలోచించి, "అంటే ఆఫీసర్ల పెట్టెలన్నీ తవరే మోస్తారాండీ?" అని అడిగాడు.

పెట్టెలు మోయను. నేను మెడికల్ అసిస్టెంటుని. డాక్టరు లేని చిన్న ఓడల్లో వైద్యమంతా నాదే. వాంతులకి మాత్ర ఇస్తాను, వేలు తెగితే కుడతాను, వంటగదిలో బొద్దింక కనబడితే రిపోర్టు రాస్తాను, ఇంటి మీద బెంగ పెట్టుకున్న కుర్రాడికి కడుపునొప్పి అని రాసి పడుకోబెడతాను. ఓడలో అందరూ నన్ను 'డాక్' అంటారు. ఓడ డాక్‌లో ఉన్నా నేను డాక్‌నే, నడిసముద్రంలో ఉన్నా డాక్‌నే. ఊళ్ళో మాత్రం నేను మందులవాడిని. మందు అంటే ఏమిటన్న దగ్గర ఊరు రెండు పార్టీలు. ఆడవాళ్ళు మోకాళ్ళకి అడుగుతారు, మగవాళ్ళు క్యాంటీనుది అడుగుతారు. రెండో పార్టీకే మెజారిటీ.

ఇవన్నీ పైకి కనిపించే పనులు. అసలు పని ఇంకొకటుంది.

ఓడ అడుగున ట్యాంకులుంటాయి, నీళ్ళవీ, నూనెవీ, మురుగువీ. నెలల తరబడి మూత బిగించి ఉన్న ట్యాంకులోకి మనిషి దిగాలంటే ముందు లోపలికి గాలి తోలాలి. గాలిని కొలిచే మీటరు దింపి చూడాలి. దిగేవాడి నడుముకి తాడు కట్టాలి. ఇవన్నీ అయ్యాక, ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని, ఒక మెడికల్ అసిస్టెంటు మూత దగ్గర నిలబడాలి. మూత అన్నా, అది తీసిన కంత అన్నా మాకు ఒకటే. లోపలికి వెళ్ళడం నా పని కాదు. బయట నిలబడి భయపడటం నా పని. అలా భయపడినందుకే సర్కారు నాకు ఇన్నేళ్ళుగా జీతమిచ్చి, పైగా ప్రమోషన్లు కూడా ఇచ్చింది.

మాకు ఆ పాఠం చెప్పిన మలయాళీ చీఫ్ ఒక మాట అనేవాడు. "లోపల ఒకడు పడిపోయాడనుకో. వాణ్ణి చూసి స్నేహితుడు దూకుతాడు. ఆ స్నేహితుణ్ణి చూసి ఇంకొకడు. దూకినవాడు దూకినట్టు పడిపోతాడు. ఆ లెక్కని ఒకటి దగ్గర ఆపడమే నీ ఉద్యోగం. ముందు మూతకి అడ్డంగా కూర్చో. తర్వాత ఆలోచించు."

మేము నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి కథలోకి వస్తాను. నా భార్య వీరదుర్గకి నా గురించి ఒక రహస్యం తెలుసు. "మీరు జోకుల మీద జోకులేస్తున్నారంటే ఎక్కడో భయం పట్టుకుందన్నమాటేనండి" అంటుంది. పెళ్ళిపీటల మీద నేను వేసిన జోకులకి పురోహితుడు రెండుసార్లు మంత్రం మర్చిపోయాడు. అంత భయపడ్డాను.

ఆ రోజు పొద్దున్న నేను చాలా జోకులు వేశాను.

జూన్ నెల. సముద్రంలో వేట నిషేధం ఎత్తేసే రోజు దగ్గరపడింది. నేను సెలవులో ఉన్నాను. మా మావగారు సత్తియ్యగారి బోటు రెండు నెలలుగా కాలవలో కట్టేసి ఉంది. ఆ రోజు దాని అర తెరుస్తారు. అర అంటే బోటు కడుపులో చేపా ఐసూ వేసే గది. పేరుకి అరేగానీ లోతు మనిషిన్నర.

అర తెరవడానికి మా మావగారి ఇంట ఒక ఆనవాయితీ ఉంది. మూత తీయగానే పళ్ళెంలో కర్పూరం వెలిగించి, మూడు తాళ్ళతో త్రాసు పళ్ళెంలా అరలోకి దింపుతారు. పైన గంగమ్మకి కొబ్బరికాయ కొట్టేదాకా అది లోపల వెలుగుతూ ఉండాలి. వెలిగితే ఆ ఏడాది వేట బాగుంటుంది. ఆరిపోతే ఇంటి కొడుకు స్వయంగా అరలోకి దిగి, అడుగున నిలబడి, తన చేత్తో వెలిగించి రావాలి. అది వెలిగేదాకా బోటు కట్టు విప్పరు. సత్తియ్యగారు తన వయసులో అలా దిగి వెలిగించి వచ్చినవారే. అయితే ఆయన దిగినవి చెక్క బోట్లు. చెక్కల సందుల్లోంచి నీళ్ళూ వచ్చేవి, గాలీ వచ్చేది. ఇప్పటి బోటు అరకి లోపలంతా ఫైబరు పూత. మూత వేస్తే చీమ కూడా సెలవు చీటీ పెట్టకుండా బయటికి రాలేదు.

మేము వెళ్ళేసరికి గట్టు మీద బంధువులు చేరి ఉన్నారు. ఆడవాళ్ళు గట్టు మీదే ఆగారు, వీరదుర్గ మాత్రం కొబ్బరికాయల పళ్ళెంతో బోటెక్కింది, ఇంటి ఆడపిల్ల కాబట్టి. కాస్త పక్కగా కృపారావు వ్యాను ఆగి ఉంది. కృపారావు రొయ్యపిల్లని హ్యాచరీల నుంచి చెరువులకి తోలుతుంటాడు. పిల్ల దారిలో చావకుండా ఆ వ్యానులో ఆక్సిజన్ సిలిండరూ, తొట్టెల్లోకి గాలి కొట్టే బ్లోయరూ ఉంటాయి. ఎక్కడికెళ్ళినా నా కళ్ళు ముందు సిలిండరు వెతుక్కుంటాయి. అది ఉద్యోగం తెచ్చిన జబ్బు.

బోటు మీద నా బావమరిది గంగబాబు లుంగీ విప్పేసి, నిక్కరుతో, బొట్టు పెట్టుకుని పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. ముప్ఫై నిండలేదు. నవ్వితే కాలవ అవతల గట్టుకి వినబడుతుంది.

"ఏరా, చివరి వేటయ్యాక అర కడిగేరా?" అని అడిగాను.

"కడిగేం బావా. అంటే, కడుగుదామనే అనుకున్నాం. నిషేధం వచ్చేసింది కదండీ, హడావుడిలో మూత దించేసేం. చిల్లర చేప ఓ నాలుగు బుట్టలు లోపలుండిపోయుంటది. ఐసుతో సహా."

"రెండు నెలలు అరలో పెట్టి అరగబెట్టేరన్నమాట."

వాడు పగలబడి నవ్వాడు. నేను కూడా నవ్వాను. వీరదుర్గ నవ్వలేదు, నా మొహంకేసి చూసింది.

మూత తీశారు. చావుకంపు ఒక్కసారి పైకి కొట్టింది. కుళ్ళిన గుడ్లూ కుళ్ళిన చేపా కలిసి మొహం మీద కొట్టినట్టయింది. తాతబ్బాయి ముక్కు మూసుకుని, "ఈ కంపుకి గంగమ్మే గట్టెక్కి పారిపోద్దండీ" అన్నాడు.

సత్తియ్యగారు కర్పూరం వెలిగించి పళ్ళెం దింపారు. నేను మూతలోంచి చూస్తూనే ఉన్నాను. మంట సగం దూరం దాకా బాగానే వెళ్ళింది. అక్కణ్ణించి చిన్నదవుతూ, పసుపుగా, తర్వాత నీలంగా మారి, ఎవరో రెండు వేళ్ళతో నలిపేసినట్టు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దింపారు. మళ్ళీ సరిగ్గా అక్కడే ఆరిపోయింది.

సర్కారు నాకిచ్చే మీటరు లక్షల ఖరీదు. మా మావగారి పళ్ళెం అదే మాట ఉచితంగా చెప్పింది.

"మావయ్యగారూ, ఇవాళ్టికి ఆపండి. మూత తీసి సాయంత్రం దాకా ఉంచుదాం. లోపల గాలి చెడిపోయింది."

"మంచిగడియ దాటిపోద్దండి అల్లుడుగారూ" అన్నారాయన మర్యాదగా. ఆయన నాతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడతారు. వినరంతే. "అమ్మవారు దీపం ఆర్పిందంటే ఇంటి కుర్రోణ్ణి పిలుస్తున్నట్టండి. నేను దిగేను, మా నాన్న దిగేడు."

"మీరు దిగినవి చెక్క బోట్లండీ."

"ఏటండీ డాట్రుగారూ" అన్నాడు తాతబ్బాయి, గట్టు మీదివాళ్ళకి కూడా వినిపించేలా, "నేవీవాళ్ళకి ఇంత బయమైతే ఇంక దేశం గతేటండీ? తవరికి తుపాకులిస్తారు కదా!"

"నాకు సూదే ఇస్తారు తాతబ్బాయ్. శత్రువు వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిస్తేగానీ నేనేం చెయ్యలేను."

గట్టంతా నవ్వింది. మాటకి మాట వేసి నెగ్గానుగానీ గంగబాబు అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టేశాడు. నేను వాడి భుజం పట్టుకున్నాను. ఆపితే ఆగేలా లేడు.

"సరే, దిగు. తాడు కట్టుకుని దిగు. నా భయం కోసం."

వాడు నన్ను చూసి జాలిపడి ఒప్పుకున్నాడు. లంగరు తాడు కొస తీసి వాడి నడుముకి నేనే ముడి వేశాను.

"తాళి కూడా ఇంత గట్టిగా కట్టలేదు బావా నేను!" అని అరిచాడు.

గట్టు మీద నుంచి వాడి భార్య అనిత అంతకంటే గట్టిగా, "నువ్వేసిన ముడి ఊడిందేటి ఇప్పటిదాకా?" అంది. మళ్ళీ అందరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలో వాడు కర్పూరం బిళ్ళలు, అగ్గిపెట్టె పట్టుకుని దిగాడు.

నేను తాడు పట్టుకుని మూత అంచున కూర్చున్నాను. నోరు ఆగడం లేదు. ఓడ గురించి, ఓడనివాడి గురించి, ఓడినా ఓడలోనే ఉండాల్సినవాడి గురించి ఏదేదో మాట్లాడుతున్నాను. వీరదుర్గ నా పక్కకి వచ్చి మెల్లిగా, "ఎందుకండీ ఇన్ని జోకులు?" అంది. నేను జవాబు చెప్పేలోపు కింద నుంచి గంగబాబు గొంతు వచ్చింది.

"బావా, మీ తాడు నిచ్చెన మెట్లకి చుట్టేసుకుంటంది. ఇప్పేస్తన్నాను."

"ఇప్పకు! పైకొచ్చెయ్!"

"ఒక్క నిమిషం బావా. ఇక్కడ బాగానే ఉంది. ఇందాక ముక్కు పగిలిపోయింది కదా, ఇప్పుడు కంపు కూడా లేదు. పూర్తిగా పోయింది."

ఆ కంపు పోదు. ముక్కు పోతుంది. చేప కుళ్ళిన ఆ విషపు గాలి కాస్త ఉంటే కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కుని చంపేసి కంపే లేదనిపిస్తుంది. ట్యాంకులో మనిషి 'వాసన పోయింది' అన్నాడంటే, ఇంక వాడికి మాట్లాడే వ్యవధి ఎక్కువ లేదు.

"గంగబాబూ, పైకి రా!" అని తాడు లాగాను. గేలానికి చేప లేనట్టు తేలిగ్గా వచ్చేసింది. కొసన నేను వేసిన ముడి విప్పి ఉంది. కింద అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది. వెలుగు రాలేదు. తర్వాత తడి బస్తా జారినట్టు ఒక చప్పుడు. అంతే.

"ఏరా?" అన్నారు సత్తియ్యగారు. "ఏరా గంగబాబూ?"

కింద వాడు నిచ్చెన మొదట్లో గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. తల గుండెల మీదికి వాలిపోయింది. నవ్వబోయి ఆగిపోయినట్టు నోరు కాస్త తెరుచుకుని ఉంది.

గట్టు మీద ఎవరో "గాలి సోకింది!" అని కేక పెట్టారు.

"సోకలేదు! లోపల సోకడానికి గాలే లేదు!" అని అరిచాను. అందులో జోకు ఉందని నాకు తర్వాతెప్పుడో, ఆస్పత్రి వరండాలో తెలిసింది.

తాతబ్బాయి అప్పటికే ఒక కాలు మూతలో పెట్టేశాడు. నేను వాడి నడుం పట్టుకుని వెనక్కి ఈడ్చి పడేశాను. అటు నుంచి సత్తియ్యగారు వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి, తెడ్లు వేసిన చేతులు. ఆయన్ని ఆపడం నా వల్ల కాలేదు. అందుకని మూతకి అడ్డంగా కూర్చుండిపోయాను. రెండు కాళ్ళూ ఒక అంచుకి, వీపు రెండో అంచుకి ఆనించి. మలయాళీ చీఫ్ చెప్పినట్టే.

"లెగు" అన్నారాయన. ఇన్నేళ్ళ మర్యాద ఒక్క మాటతో పోయింది. "నా కొడుకురా. లెగు!"

"లేవను. మీరు దిగితే ఇద్దరు. మీ కోసం తాతబ్బాయి దిగితే ముగ్గురు. నేను లేవను."

"నువ్వు దిగవు, దిగేవోణ్ణి దిగనివ్వవు! నీ కొడుకైతే ఇలాగే కూర్చుంటావా? పిరికిసన్నాసీ!"

ఆయన నా జుట్టు పట్టుకున్నారు. నేను లేవలేదు. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. వాళ్ళని ఆపడానికి మాత్రమే కూర్చోలేదు నేను. నా తొడల కింద నుంచి ఆ చీకటి చల్లగా తగులుతోంది. నేను కూడా దిగనక్కర్లేదన్న చిన్న ఊరట ఒకటి నా లోపల ఉంది. ఆ ఊరటని చూసి నాకు ఇంకా భయమేసింది.

అప్పుడు వీరదుర్గ వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. పళ్ళెం కింద పెట్టి, నా కాళ్ళ మీద నుంచి దాటి, నా పక్కనున్న సందులోంచి దిగబోయింది. తన తమ్ముడు కింద కూర్చుని ఉన్నాడు, తను వెళ్ళి లేపుతుంది, అంతే తనకి తెలిసింది. నేను రెండు చేతులతో బలం కొద్దీ నెట్టేశాను. పడవ చెక్కల మీద జారి, వల లాగే వించి ఇనప అంచుకి మోచెయ్యి కొట్టుకుని పడింది. లేచి నాకేసి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చూపు నేను చూడలేదు. వాడు బతక్కపోతే ఇంక ఈ చూపే నాకు మిగులుతుందని అర్థమైంది.

నోట్లో ఒక్క జోకు లేదు.

"కృపారావ్!" అని అరిచాను. గొంతు మారిపోయింది. ఓడలో మంటలు లేచినప్పుడు వాడే గొంతు అది. "నీ బ్లోయరు స్టార్ట్ చెయ్! లావు గొట్టం ఇలా విసురు! సిలిండరు దింపు! అనితమ్మా, ఫోను చెయ్, 108కి! బీడీలు ఆర్పండి, కర్పూరం కాలవలో పారెయ్యండి!"

మనుషులు విచిత్రంగా ఉంటారు. నా భయం చూసి నవ్వినవాళ్ళే ఆ గొంతు విని పరిగెత్తారు. కృపారావు గొట్టం లాక్కొచ్చాడు. రొయ్యపిల్లకి గాలి కొట్టే గొట్టం. దాన్ని నిచ్చెన పక్క నుంచి గంగబాబు మొహం దగ్గరికి దింపాం. బ్లోయరు గుర్రుమంది.

"ఆక్సిజనే వదిలేద్దామండీ లోపలికి, ఇంకా మంచిది కదా!" అన్నాడు కృపారావు.

"వద్దు. నిప్పురవ్వ పడితే బోటే ఉండదు. అది వాడు పైకొచ్చాక."

పైకి ఎలా వస్తాడు? గాలి ఇప్పుడే వెళుతోంది. అర శుభ్రపడేదాకా మనిషిని దింపలేను. శుభ్రపడేదాకా వాడు ఆగలేడు. నా దగ్గర ఊపిరి ముసుగు లేదు, జతగా దిగే రెండోవాడు లేడు. ఓడలో ఉండే సరంజామా ఏదీ లేదు. నాకు చేతకానిది ఇక్కడ ఎవరికి చేతనవును అని చుట్టూ చూశాను. తాతబ్బాయి ఏడుస్తూ నిలబడి ఉన్నాడు. వాడి వెనక, వల చిక్కుపడితే లాగడానికి వాడే పొడుగాటి కొక్కెం కర్ర ఉంది.

"తాతబ్బాయ్. నీళ్ళల్లో పడ్డ వల మోకుని ఎన్నిసార్లు పైకి లాగేవు?"

"లెక్కెవడికి తెల్సండీ."

"తాడుకి జారుముడి వెయ్యి. కొక్కేనికి తగిలించి దింపు. వాడి చంక కింద నుంచి దూర్చాలి. తల లోపల పెట్టకు. ఊపిరి బిగబట్టి చూడు, పక్కకొచ్చి ఊపిరి తీసుకో, మళ్ళీ చూడు. తల పెట్టేవంటే నిన్నూ నెట్టేస్తాను."

"ఆయ్" అన్నాడు తాతబ్బాయి.

మొదటిసారి కొక్కెం గంగబాబు భుజం మీద నుంచి జారిపోయింది. వాడు పక్కకి ఒరిగాడు. మొహం కింది మురికి నీళ్ళకి జానెడు దూరంలో ఆగింది. ఇంకాస్త ఒరిగితే ఆ నీళ్ళలోనే పోతాడు. వెనక అనిత ఏడుపు వినబడుతోంది. సత్తియ్యగారు నా జుట్టు వదిలేసి, రెండు చేతులూ జోడించి, గంగమ్మకో నాకో తెలియకుండా దణ్ణం పెడుతున్నారు.

రెండోసారి తాతబ్బాయి కర్రని అడ్డంగా తిప్పాడు. వాడి మణికట్టు కదిలినట్టు ఏ డాక్టరు మణికట్టూ కదలగా నేను చూడలేదు. జారుముడి గంగబాబు కుడిచేతి మీదుగా దూరి, చంకలోకి వెళ్ళి, గుండె చుట్టూ బిగుసుకుంది.

"పడింది!"

"లాగండి!"

నేను మూత మీద నుంచి పక్కకి జరిగాను, అందరూ లాగారు. సత్తియ్యగారు లాగారు, కృపారావు లాగాడు, దెబ్బ తగిలిన చేత్తోనే వీరదుర్గ లాగింది. గంగబాబు నిచ్చెనకి రాసుకుంటూ, తడిసిన వలలా, మూతలోంచి బయటికొచ్చాడు. పెదాలు నేరేడుపండు రంగు. కాళ్ళకి ఇంకా చేప పొలుసులు.

మెడ మీద వేళ్ళు పెట్టాను. కొట్టుకుంటోంది. కానీ నా వేళ్ళు ఎంత వణుకుతున్నాయంటే, ఆ నాడి వాడిదో నాదో నాకు తెలియలేదు. రెండో చేత్తో నా చేతిని పట్టుకుని మళ్ళీ చూశాను. వాడిదే. ఊపిరి మాత్రం లేదు. ఇలాంటి మనిషి నోట్లో నోరు పెట్టి ఊదకూడదని, లోపలి విషం మనకీ తగులుతుందని మాకు చెబుతారు. నేను తువ్వాలుతో వాడి నోరు తుడిచి ఊదాను. తల పక్కకి తిప్పి గాలి పీల్చుకుని మళ్ళీ ఊదాను. నాకు ఆ కుళ్ళు వాసన తెలుస్తూనే ఉంది. తెలుస్తోంది కాబట్టి ఇంకా ఫరవాలేదు అనుకున్నాను. వాసన పోతుందేమోనన్న భయంతో ప్రతిసారీ వాసన కోసం వెతుక్కున్నాను.

బ్లోయరు ఒక్కటే అరుస్తోంది.

వాడి ఛాతీ ఒకసారి తనంతట తను ఎగిరింది. ఆగింది. ఇంక లేదనుకున్నాను. మళ్ళీ ఎగిరింది. తర్వాత గొంతులో ఏదో చిరిగినట్టు దగ్గి, నా చొక్కా మీద వాంతి చేసుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా మీద వాంతి చేసుకున్నవాళ్ళ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. కృపారావు సిలిండరు గొట్టం వాడి ముక్కు దగ్గర పెట్టాం. రొయ్యపిల్ల కోసం తెచ్చిన ఆక్సిజన్ పీలుస్తూ రాజోలు ఆస్పత్రికి వెళ్ళాడు, అక్కణ్ణించి అమలాపురం.

సాయంత్రానికి డాక్టరుగారు బయటికొచ్చి, మాట్లాడుతున్నాడు, మనుషుల్ని గుర్తుపడుతున్నాడు, ఇంకా కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి అన్నారు. అనిత లోపలికి పరిగెత్తింది. సత్తియ్యగారు వరండాలో నా దగ్గరికి వచ్చారు.

"అల్లుడుగారూ" అన్నారు. మర్యాద తిరిగి వచ్చింది, కాస్త కుంటుతూ. "అర ఎప్పుడు దిగమంటారండి?"

"పళ్ళెం అడుగుదాకా వెళ్ళి వెలిగినప్పుడండి. ఆరిపోతే ఎవరూ దిగొద్దు. మీ అమ్మవారు ఆర్పింది రమ్మని కాదేమో మావయ్యగారూ."

ఆయన కొడుకుని చూడ్డానికి లోపలికి వెళ్ళారు.

వరండా బెంచీ మీద నేనూ వీరదుర్గా మిగిలాం. పొద్దున్నించీ ఆమె మోచేతికి కట్టు కట్టేవాడే లేకపోయాడు. చర్మం లేచిపోయి, రక్తం గడ్డకట్టి, మధ్యలో తుప్పు మరక. నర్సు దగ్గర దూదీ మందూ అడిగి తెచ్చి, ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కడగడం మొదలుపెట్టాను. మండిందేమో, పెదవి బిగించింది. చెయ్యి తీసుకోలేదు.

"ధనుర్వాతం ఇంజెక్షను చేయించుకోవాలి" అన్నాను.

"చేయించుకుంటాను." నాకేసి తిరిగింది. "ఒకటడుగుతాను. జోకెయ్యకూడదు."

"అడుగు."

"లోపల పడిపోయింది నేనైతేనో?"

జోకు కోసం వెతకలేదంటే అబద్ధం. ఎక్కడెక్కడో వెతికాను. అంతసేపూ ఆమె నా మొహం మీద నుంచి చూపు తీయలేదు. 'దూకేసేవాణ్ణి' అంటే సరిపోతుంది. ఏ మొగుడైనా ఆ మాటే అంటాడు. అది నిజం కాదని ఆ పొద్దున్న తను కళ్ళారా చూసింది.

"దూకేవాణ్ణి కాదు" అన్నాను. "మూత దగ్గరే కూర్చునేవాణ్ణి. మీ నాన్నని దిగనిచ్చేవాణ్ణి కాదు. ఇవాళ చేసినవే చేసేవాణ్ణి. చేతులు ఇంకా ఎక్కువ వణికేవి, అంతే తేడా."

లోపల వార్డులో గంగబాబు దగ్గు వినబడింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. దగ్గు ఆగి, వాడి ఊపిరి మళ్ళీ సర్దుకున్న చప్పుడు వచ్చేదాకా ఇద్దరిలో ఎవరం కదల్లేదు.

అప్పుడు వీరదుర్గ మోచెయ్యిని ఇంకాస్త వెలుగులోకి, నా వైపుకి తిప్పింది.

"ఆయ్" అంది. "కట్టు గట్టిగా కట్టండి. ఊడిపోకుండా."